టమాటా ఆకుముడత వైరస్‌కి పీసీఆరా, క్యూపీసీఆరా, ల్యాంపా?

టమాటా ఆకుల్లో ఆకుముడత వైరస్ (బెగోమోవైరస్) ఉందో లేదో చూడాలి, దొరికితే సీక్వెన్సింగ్‌కి (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదివించడానికి) పంపాలి, మరి ఏ పద్ధతి మంచిదని అడిగారు. సీక్వెన్సింగ్ అన్నారు కాబట్టి నా ఓటు మామూలు పీసీఆర్‌కే (వేడి చేస్తూ చల్లారుస్తూ డీఎన్‌ఏలో కావాల్సిన ముక్కని లక్షల కాపీలు చేసే పద్ధతి). ల్యాంప్‌లో (ఒకే వేడి దగ్గర కాపీలు చేసే పద్ధతి) వచ్చేది ఒకే పొడవున్న ముక్క కాదు. జెల్ (డీఎన్‌ఏ ముక్కల్ని పొడవుని బట్టి విడదీసి చూపే పలక) మీద నిచ్చెన మెట్లలా చిన్నవీ పెద్దవీ కలిసి కనిపిస్తాయి. దాన్ని సీక్వెన్స్ చేయించడం తలనొప్పి. వైరస్ ఎంత ఉందో లెక్క కావాలంటేనే క్యూపీసీఆర్ (కాపీలు పెరుగుతుండగానే కొలిచే పీసీఆర్).

నేనూ మొదట్లో ల్యాంప్ మోజులో పడ్డవాణ్ణే. థర్మల్ సైక్లర్ (పీసీఆర్ యంత్రం) కోసం వంతు చూడక్కర్లేదు, 65 డిగ్రీల వాటర్ బాత్ చాలు, గంటలోపు గులాబీ రంగు పసుపుకి మారితే పాజిటివ్. మొదటి వారం అంతా బాగానే నడిచింది. రంగు మారినా నమ్మకం చాలక, ప్రతి ట్యూబూ మూత తీసి జెల్ మీద వేసి చూసేవాణ్ణి. అదీ రియాక్షన్లు కలిపే బల్ల మీదే! రెండో వారం, ఉత్త నీళ్లు వేసిన కంట్రోల్ ట్యూబు కూడా పసుపైంది. నీళ్లు మార్చాను, ఎంజైమ్ మార్చాను, ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) కొత్తవి తెప్పించాను. అయినా పసుపే. చివరికి తేలిందేమంటే తప్పు పిపెట్లలో, బల్ల మీద ఉంది. ల్యాంప్ ఒక్క ట్యూబులో తయారుచేసే డీఎన్‌ఏ పీసీఆర్ కంటే చాలా ఎక్కువ. మూత తీసినప్పుడు లేచే తుంపర కంటికి కనపడదు గానీ తర్వాతి రియాక్షన్‌ని చెడగొట్టడానికి అది చాలు. ఆ టెన్షన్‌లో నెల పోయింది. ఎప్పుడైనా ల్యాంప్ చేస్తే మాత్రం రియాక్షన్ అయ్యాక మూత తీయకుండా పారేయండి.

పైగా ల్యాంప్‌కి 4 ప్రైమర్లు 6 చోట్ల అతకాలి, లూప్ ప్రైమర్లు కూడా వాడితే 8 చోట్ల. ఈ వైరస్‌లేమో ఒకదానికొకటి బాగా తేడా. అన్నిటికీ సరిపడే సెట్ కుదరడం కష్టం. పీసీఆర్‌కైతే కోటు ప్రోటీన్ జన్యువు మీద రెండు డీజెనరేట్ (తేడా ఉన్న చోట్ల రకరకాల అక్షరాలు కలిపి చేసిన) ప్రైమర్లతో పని అయిపోతుంది. బ్యాండ్ రాకపోతే వెంటనే ప్రైమర్లను తిట్టకండి. ఆకు డీఎన్‌ఏతో పాటు వచ్చే పాలీఫినాల్స్, పాలీశాకరైడ్లు టాక్‌ని (పీసీఆర్‌లో కాపీలు చేసే ఎంజైమ్) ఆపేస్తాయి. అదే డీఎన్‌ఏని పదింతలు పలచన చేసి వేసి చూడండి. నాకు మొదటి బ్యాండ్ అలాగే కనిపించింది. పీసీఆర్ ముక్కని నేరుగా సీక్వెన్స్ చేయిస్తే టాక్ చాలు. క్లోనింగ్ (ముక్కని బ్యాక్టీరియాలో పెట్టి పెంచడం) చేసేటట్టయితే ప్రూఫ్‌రీడింగ్ (తన తప్పు తానే దిద్దుకునే గుణం) ఉన్న ఎంజైమ్ తీసుకోండి, ఎందుకంటే టాక్ చేసిన పొరపాటు ఒక్క క్లోన్‌లో అలాగే మిగిలిపోతుంది.

మీరు అడగలేదు గానీ, మొత్తం జీనోమ్ (వైరస్ డీఎన్‌ఏ అంతా) కావాలంటే ఫై29 ఎంజైమ్‌తో రోలింగ్ సర్కిల్ (గుండ్రటి డీఎన్‌ఏ చుట్టూ తిరుగుతూ కాపీ చేసే పద్ధతి) చేయండి. ఈ వైరస్ డీఎన్‌ఏ గుండ్రంగా, 2.7 కిలోబేస్‌ల (2,700 అక్షరాల) దగ్గర ఉంటుంది కాబట్టి ఇది దానికి బాగా అతుకుతుంది. సీక్వెన్స్ తెలియకపోయినా ర్యాండమ్ (ఏ వరుసకైనా అతికే) ప్రైమర్లతో 30 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేస్తే చాలు. కాకపోతే ఆరోగ్యంగా ఉన్న ఆకు డీఎన్‌ఏ నుంచి కూడా ఎంతో కొంత ప్రోడక్ట్ వస్తుంది. అందుకని జెల్ మీద డీఎన్‌ఏ కనిపించింది కదా అని సంబరపడకండి. వలయాన్ని ఒకే చోట కోసే రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోసి, 2.7 దగ్గర బ్యాండ్ వచ్చిందో లేదో చూశాకే వైరస్ అని రాసుకోండి.