శీర్షికలో సామెత పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథనం రెండుసార్లు చదివాను. మద్యానికి వ్యతిరేకంగా సభల్లో మాట్లాడే శాసనసభ్యుడు ఒక పెళ్లివిందులో గ్లాసు పట్టుకుని ఉన్న ఫొటో నీకు దొరికింది; దానికి ‘చెప్పేవి శ్రీరంగ నీతులు’ అని శీర్షిక పెట్టావు. ఆ సామెత రెండో సగం నువ్వు రాయలేదు గానీ చదివేవాళ్లు మనసులో పూర్తి చేసుకుంటారు, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని దొమ్మరి ఆడవాళ్లు ఊరికే మాట పడతారు. డెస్కులో ఉన్న రోజుల్లో నేనూ దాన్ని ఆలోచించకుండా వాడినవాణ్నే.

శీర్షిక మార్చుకోవచ్చు. అసలు చిక్కు లోపల ఉంది. ఒకరిది ద్వంద్వనీతి అనడం కూడా ఆరోపణే. లంచం తీసుకున్నాడనడానికి ఎంత రుజువు అడుగుతామో దీనికీ అంతే అడగాలి. అతను అన్న మాట నీ కథనంలో ఉన్నదున్నట్టుగా ఒక్కచోట కూడా లేదు. ‘ఎవరూ తాగవద్దు’ అన్నాడా, ‘బెల్టుషాపులు మూయించండి’ అన్నాడా? రెండోదే అయితే, పెళ్లివిందులో తాగినంత మాత్రాన అతను మాట తప్పినట్టు కాదు.

బ్రిటన్‌లో జరిగినది చూడు. 1993 అక్టోబరులో బ్లాక్‌పూల్‌లో జరిగిన కన్సర్వేటివ్ పార్టీ మహాసభలో ప్రధాని జాన్ మేజర్ ‘మళ్లీ మూలాలకు’ అన్న అర్థం వచ్చే నినాదం ఇచ్చారు. ఆయన చదువుల గురించీ, శాంతిభద్రతల గురించీ మాట్లాడితే, పత్రికలు, సొంత పార్టీలో కొందరు కూడా, దాన్ని శీలోపదేశంగా మార్చేశారు. అక్కడినుంచి ఆ పార్టీ ఎంపీల పడకగదులు మొదటి పేజీకి ఎక్కాయి. వివాహేతర సంబంధంలో బిడ్డ పుట్టిన సంగతి బయటపడి 1994 జనవరిలో టిమ్ యో మంత్రి పదవి వదులుకున్నారు. ఒంటరి తల్లిదండ్రుల సంఖ్య తగ్గాలని అంతకుముందు ఆయనే చెప్పి ఉన్నారు కాబట్టి, ఆ కథనానికి కాస్త ఆధారం ఉందని ఒప్పుకుంటాను. మిగతావాటిలో చాలావాటికి అదీ లేదు.

ఇలాంటి వేట గురి ఎంత తప్పుతుందో విను. ఆ మహాసభకు ముందే, 1993 మొదట్లో ‘న్యూ స్టేట్స్‌మన్’ పత్రిక, విందులకు వంటలు సరఫరా చేసే ఒక మహిళతో మేజర్‌ను ముడిపెట్టే పుకారును అచ్చువేసి, పరువునష్టం దావాలో డబ్బు కట్టుకుంది. ఎన్నడూ ఓటు అడగని ఆ మహిళ పేరు ఊరంతా నలిగింది. ఆయనకు తోటి ఎంపీ ఎడ్వినా కరీతో 1984 నుంచి 1988 దాకా నిజంగానే ఉన్న సంబంధం మాత్రం 2002లో ఆమె తన డైరీలు ప్రచురించినప్పుడే లోకానికి తెలిసింది.

మన సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో గీసిన గీత నీకు పనికొస్తుంది: పదవీ విధులకు సంబంధించిన నడవడి విషయంలో ప్రభుత్వ పదవిలో ఉన్నవారు గోప్యత పేరుతో పత్రికపై దావాకు దిగలేరు. కాబట్టి నువ్వు తవ్వవలసింది ఆ విధుల దగ్గర. అతని బంధువుల పేరిట మద్యం దుకాణాల లైసెన్సులు ఉన్నాయా, తన నియోజకవర్గంలో బెల్టుషాపుల మీద దాడులను ఎప్పుడైనా ఆపించాడా, శాసనసభలో ఈ విషయంపై ఏం మాట్లాడాడు? అవి దొరికితే ఫొటో అవసరమే ఉండదు. దొరక్కపోతే ఫొటో ఒక్కదానితో కథనం నిలవదు. పైగా అందులో పెళ్లికూతురూ ఇద్దరు చిన్నపిల్లలూ ఉన్నారు.

అతనికి ఫోన్ చేసి వివరణ అడిగినట్టు ఎక్కడా రాయలేదు. అడుగు. ఆ గ్లాసులో ఏముందో కూడా నీ కథనంలో లేదు.