‘పప్పీ లవ్’ అనే ఇంగ్లీషు పాట అసలు ఎవరిది? అమెరికా గాయకుడు డానీ ఆస్మండ్‌దేనా?

కాదు. డానీ 1972లో పాడి ప్రపంచమంతా వినిపించాడు గానీ, పాట రాసింది కెనడా గాయకుడు పాల్ ఆంకా. 1960లో తనే పాడి విడుదల చేశాడు. పాటల ఆదరణని లెక్కగట్టే అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది. అప్పటికి అతనికి 18 ఏళ్లే.

డిస్నీ టీవీ షోతో ఇంటింటికీ తెలిసిన నటి అనెట్ ఫ్యూనిసెల్లోని ఆంకా ఇష్టపడ్డాడు. పెద్దవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. ఇంగ్లీషులో ‘పప్పీ లవ్’ అంటే తెలిసీ తెలియని వయసు ప్రేమ అని తేలిగ్గా తీసిపారేసే మాట. ఆంకా ఆ మాటనే పాటకి పేరుగా పెట్టి, మా మనసులో ఏముందో మీకేం తెలుసని ఎదురు అడిగాడు. పాటకి ప్రాణం అదే అని నా నమ్మకం. బాణీ చాలా మామూలుది. ఆ ఉక్రోషం మాత్రం నిజమైనది.

పన్నెండేళ్ల తర్వాత డానీ పాట విడుదలయ్యేటప్పటికి అతనికి 14 ఏళ్లు. ఆ లేత గొంతులో ఆ మాటలు ఇంకా నమ్మబుద్ధేస్తాయి. అమెరికాలో 3వ స్థానం, బ్రిటన్‌లో ఏకంగా ఐదు వారాలు నంబర్ వన్. 2002లో ఎస్ క్లబ్ జూనియర్స్ అనే పిల్లల బృందం కూడా మళ్లీ పాడింది. ముందు ఆంకాది, వెంటనే డానీది వినండి, తేడా తెలుస్తుంది.