చీర ముక్కలు, బీచి గవ్వలు

ప్రశ్న: అమ్మ పాత చీర ముక్కలు, బీచిలో ఏరిన గవ్వలతో అట్టమీద పోస్టుకార్డంత బొమ్మలు చేస్తున్నాను. వారానికే అట్ట వంగుతోంది, గుడ్డపై జిగురు మరకలు పడుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: జిగురు గుడ్డకు కాదమ్మా, అట్టకు రాయండి. పాత ఏటీఎం కార్డు అంచుతో పలచగా లాగండి. ఒకవైపే తడిసి ఆరితే అట్ట అటు వంగుతుంది. అందుకే వెనకవైపూ కాగితం అతికించి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టండి. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కదా, వానాకాలంలో రెండు రాత్రులు ఉంచండి. గవ్వల్ని రెండు రోజులు మంచినీళ్లలో, నీళ్లు మారుస్తూ నానబెట్టండి. ఉప్పు మిగిలితే తేమను లాగుతుంది.

జరీ అంచును మాత్రం దయచేసి అతికించకండి, సన్న సూదితో కుట్టండి. మా అమ్మ పొందూరు ఖద్దరు కొంగు ముక్కను అలాగే కుట్టాను. ఇరవై ఏళ్లయినా ఒక్క పోగు కదలలేదు.