పన్నెండేళ్ళ కిందటి పోస్టుకి ఇవాళ ఉద్యోగం తీసేయాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. హైదరాబాద్‌లో 40 మంది పనిచేసే చిన్న కంపెనీ నాది. టీమ్ లీడ్‌గా ఉన్న ఒక అబ్బాయి ఆరేళ్ళుగా మా దగ్గరే ఉన్నాడు, పనిలో వంక పెట్టడానికి లేదు. మొన్న ఎవరో పేరు లేని మెయిల్ నుంచి అతని పాత ఫేస్‌బుక్ పోస్టుల స్క్రీన్‌షాట్లు నాకూ, మా క్లయింట్‌కీ పంపారు. ఇంజనీరింగ్ రెండో ఏడులో రాసినవట, పన్నెండేళ్ళు దాటింది. క్లాసులో అమ్మాయిల గురించి, రిజర్వేషన్‌లో సీటొచ్చినవాళ్ళ గురించి చాలా నీచంగా ఉన్నాయి. క్లయింట్ ఇంకా ఏమీ అనలేదు గానీ మా పార్ట్‌నర్ మాత్రం రేపే పంపించేద్దాం, తలనొప్పి వదులుతుంది అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రేపే పంపించకండి. మీ పార్ట్‌నర్ తొందర చూసి ఈ మాట ముందే చెబుతున్నాను. అలాగని చూడనట్టు ఊరుకోమని కూడా అనడం లేదు.

క్రికెట్ చూస్తారనుకుంటాను. 2021 జూన్ 2న లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద ఓలీ రాబిన్సన్ ఇంగ్లండ్ తరఫున తన మొదటి టెస్టు ఆడాడు. ఆ ఉదయమే జట్టంతా వివక్ష వద్దని రాసి ఉన్న టీషర్టులు వేసుకుని నిలబడింది, ఆ రోజే అతను 2012, 2013ల్లో, ఇంకా ఇరవై నిండని వయసులో రాసిన ట్వీట్లు బయటికొచ్చాయి. కొన్ని జాతి మీద, కొన్ని ఆడవాళ్ళ మీద. ఆట అయిపోగానే కెమెరాల ముందుకొచ్చి సిగ్గుపడుతున్నానని చెప్పాడు. ఆ మ్యాచ్‌లో ఏడు వికెట్లు తీసినా, 42 పరుగులు చేసినా, మ్యాచ్ ముగిసిన రోజే బోర్డు సస్పెండ్ చేసింది. అక్కడితో వదిలేసి ఉంటే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు. విచారణ జరిపారు, ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేశారు, అప్పటికే ఆడకుండా పోయిన మూడింటినీ లెక్కలో కలిపారు, మిగిలిన ఐదూ రెండేళ్ళలోపు మళ్ళీ తప్పు చేస్తేనే అమలవుతాయన్నారు, 3,200 పౌండ్ల జరిమానా కట్టించారు. ఆగస్టుకల్లా మన జట్టు మీద ఆడాడు, నాలుగు టెస్టుల్లో 21 వికెట్లు తీశాడు. ఆ తీర్పు నాకు సబబుగానే అనిపిస్తుంది.

ఇదే రాబిన్సన్‌ని 2014లో యార్క్‌షైర్ కౌంటీ, అంటే ఇంగ్లండ్‌లోని ఒక ప్రాంతపు క్రికెట్ క్లబ్, పనికి సరిగ్గా రావడం లేదని తీసేసింది. దాన్ని నేను తప్పు పట్టను. యజమాని కళ్ళ ముందు, ఆ రోజుల్లోనే జరిగిన విషయం కదా.

కానీ ఆ యార్క్‌షైరే తర్వాత చేసిన పని ఒకటుంది, దాన్ని మీ పార్ట్‌నర్‌కి చదివి వినిపించండి. అక్కడ ఆడిన అజీమ్ రఫీక్, డ్రెస్సింగ్ రూమ్‌లో ఏళ్ళ తరబడి జాతి పేరుతో అవమానాలు పడ్డానని చెప్పాడు. అతని 43 ఆరోపణల్లో ఏడు నిజమేనని విచారణలో తేలింది. అయినా ఎవరి మీదా చర్య అక్కర్లేదని 2021 అక్టోబర్‌లో క్లబ్ ప్రకటించింది. స్పాన్సర్లు వెళ్ళిపోయి, అంతర్జాతీయ మ్యాచ్‌లు పోయే పరిస్థితి వచ్చేసరికి నవంబర్‌లో హెడ్ కోచ్‌ని 2010 నాటి ఒక ట్వీట్ మీద సస్పెండ్ చేశారు, డిసెంబర్‌లో అతనితో కలిపి 16 మందిని ఒకేసారి ఇంటికి పంపారు. వాళ్ళలో కొందరు ఉద్యోగ వివాదాలు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్తే, తీసేసిన పద్ధతి అన్యాయమని తేలింది. గదిలో పక్కనే వినపడుతున్న మాటలకి చెవులు మూసుకుని, బయట గొడవయ్యాక దొరికినవాళ్ళందరినీ గెంటేయడం! మన ఆఫీసుల్లో కూడా నాకు భయం ఇదే. పాత పోస్టుకి ఒకణ్ణి పంపించేస్తే మన ఇల్లు శుభ్రం చేసుకున్నట్టు అనిపిస్తుంది, నిన్నటి మీటింగ్‌లో ఎవరేమన్నారో మాత్రం ఎవరూ అడగరు.

కాబట్టి మీరు అడగండి. ముందు అబ్బాయిని పిలిచి ఆ స్క్రీన్‌షాట్లు ముందు పెట్టి, అతను చెప్పేది పూర్తిగా వినండి. 'అప్పుడందరూ అలాగే రాసేవాళ్ళు సార్' అనే రకమా, లేక అది చదివి తలదించుకునే రకమా అన్నది మీకే తెలుస్తుంది. తర్వాత అతని టీమ్‌లో పనిచేసిన ఆడవాళ్ళతో, వెళ్ళిపోయినవాళ్ళతో సహా, విడిగా మాట్లాడండి. ఎవరి కులమూ అడగకండి, దయచేసి. ఆరేళ్ళ అప్రైజల్స్ తీయండి, ఎవరికి రేటింగ్ తగ్గించాడు, ఎవరికి సెలవు ఇవ్వలేదు, చూస్తే కొంత అర్థమవుతుంది. పది మంది గానీ, అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే ప్రతి ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ఇంటర్నల్ కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, మీకుందా?

ఈనాటి ఆధారం ఒక్కటి దొరికినా పరిస్థితి వేరు. ఛార్జ్ మెమో (ఆరోపణలు రాసిన నోటీసు) ఇచ్చి, వివరణ తీసుకుని, విచారణ జరిపి, రుజువైతే తీసేయండి, నేనే సరే అంటాను. ఏమీ దొరక్కపోతే రాతపూర్వకంగా హెచ్చరించండి, ఓ ఏడాది పాటు ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చోబెట్టకండి, క్లయింట్‌కి మీరే ఫోన్ చేసి ఏం చేశారో చెప్పండి. మెయిల్ పంపినవాడి ఉద్దేశం మంచిది కాకపోవచ్చు, అంతమాత్రాన ఆ రాతలు మంచివైపోవు. మీ టీమ్ లీడ్ పోలీసో, టీచరో అయి ఉంటే నేను ఇంకా గట్టిగా చెప్పేదాన్ని, ఎందుకంటే అక్కడ ఎదుటివాళ్ళకి తప్పించుకునే దారి ఉండదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ దీని గురించే రాశారు. మనుషులు మరిచిపోతారు, ఇంటర్నెట్ మరిచిపోదు, మనుషుల్ని మరిచిపోనివ్వదు అని. చిన్నతనంలో తెలియక చేసిన తప్పులకి జీవితాంతం ఫలితం అనుభవించకూడదనీ అన్నారు. రెండో ఏడు ఇంజనీరింగ్ కుర్రాడు మరీ చిన్నపిల్లాడు కాదు, నిజమే, కానీ పూర్తిగా తయారైన మనిషి కూడా కాదు.

ప్రశ్న: మేడమ్, మాది దళిత కుటుంబం. కాలేజీలో ఒక సీనియర్ నా ఫొటో కింద కులం పేరుతో రాసిన మాట ఎనిమిదేళ్ళయినా నన్ను వదల్లేదు. ఇప్పుడతను మా కంపెనీలోనే, నా పైన మేనేజర్‌గా చేరాడు. 'పాత విషయం, వదిలెయ్' అంటున్నారు ఫ్రెండ్స్. వదిలేయాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వదిలేయమని మీకు చెప్పే హక్కు ఎవరికీ లేదు, నాక్కూడా లేదు. పైన హైదరాబాద్ ఆయనకి చెప్పినదంతా యజమాని సంగతి. క్షమించాలా వద్దా అన్నది మీ ఒక్కరి సంగతి. పైగా ఇది పాత విషయం ఎలా అవుతుంది, రేపు మీ అప్రైజల్ రాసేది అతనే కదా. స్క్రీన్‌షాట్ ఉంటే దాచుకోండి. హెచ్.ఆర్.కి మెయిల్ రాయండి, అతన్ని తీసేయమని అడగక్కర్లేదు, నేను అతని కింద పనిచేయను, నా రేటింగ్ ఇంకొకరు ఇవ్వాలి అని అడగండి. అది న్యాయమైన కోరిక. ఇప్పుడు మళ్ళీ ఒక్క మాట అన్నా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, నలుగురిలో కులం పేరుతో అవమానించడం నేరం.

మన సిరాజ్ 2021 జనవరిలో సిడ్నీలో ఏం చేశాడో గుర్తుందా? తిట్లు వినపడగానే టెస్టు మధ్యలో అంపైర్ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగురు ప్రేక్షకుల్ని బయటికి పంపారు. మీ మెయిల్ కూడా అలాంటిదే, ఆలస్యం చేయకండి.

ఇంకోటి. అతను వచ్చి సారీ చెబితే ఎలా చూడాలో కూడా చెబుతాను. పైన చెప్పిన అజీమ్ రఫీక్ తానే 2011లో యూదుల గురించి రాసిన చెడ్డ మెసేజ్‌లు బయటపడ్డాయి. సాకులు చెప్పలేదు, తప్పు నాదేనన్నాడు, ఆ సమాజం వాళ్ళని కలిశాడు. ఆ మెసేజ్‌ల వల్ల అతను పడ్డ అవమానాలు అబద్ధమూ కాలేదు. 'ఎవరైనా బాధపడి ఉంటే సారీ' అని మీ సీనియర్ అంటే మాత్రం, మీరు తలూపాల్సిన పని లేదు.

ప్రశ్న: అక్కా, ఎమ్మెస్‌కి అమెరికా వెళ్దామనుకుంటున్నాను. ఇంటర్‌లో హీరోల ఫ్యాన్ గొడవల్లో చాలా బూతులు రాశాను, ఒకమ్మాయిని కూడా తిట్టాను. టెన్షన్‌గా ఉంది. అన్నీ డిలీట్ చేసేయనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: డిలీట్ చెయ్ తమ్ముడూ, అందులో తప్పేం లేదు. కానీ 2019 నుంచి వీసా ఫారంలో గత ఐదేళ్ళ సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు, అక్కడ ఖాతా దాచకు, అబద్ధం రాస్తే పోస్టు కంటే పెద్ద చిక్కు. ఆ అమ్మాయికి మాత్రం ముందు ఒక్క మెసేజ్ పెట్టు. ఏం రాశావో పేరు పెట్టి ఒప్పుకో, వీసా సంగతి ఎత్తకు, జవాబు రాకపోతే మళ్ళీ కదిలించకు.