ఉదారవాదం, సంప్రదాయవాదం, పెట్టుబడిదారీ విధానం: ఏ మాట ఎక్కడ?

సందేహం: మా కళాశాలలో వ్యాసరచన పోటీకి "లిబరలిజం, కన్జర్వేటిజం, క్యాపిటలిజం: మంచిచెడులు" అన్న విషయం ఇచ్చాం. లిబరలిజాన్ని కొందరు ఉదారవాదం అన్నారు, కొందరు సరళీకరణ అన్నారు. కన్జర్వేటిజాన్ని ఛాందసవాదం, సాంప్రదాయవాదం, మితవాదం అని మూడు రకాలుగా రాశారు. ఒక అమ్మాయి వ్యాసం ఇలా మొదలవుతుంది: "ఉదారవాదం మనిషికి స్వేచ్ఛనిస్తుంది, ఛాందసవాదం దాన్ని అడ్డుకుంటుంది, పెట్టుబడిదారీ విధానం మనిషిని దోచుకుంటుంది." వీటిలో ఏవి ఒప్పు? మార్కులు వేయడానికి టెన్షన్‌గా ఉంది.
– ఒక తెలుగు అధ్యాపకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: ఆ అమ్మాయి వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కానీ మంచిచెడులు తేల్చమని మీరు అడిగితే, తీర్పు మొదటి వాక్యంలోనే వచ్చేసింది. ‘ఉదార’ అన్నాక మెచ్చుకోకుండా ఉండలేం, ‘ఛాందస’ అన్నాక తిట్టకుండా ఉండలేం. ఇందులో విద్యార్థిని తప్పు కొంతే. ఆమెకు మనం అందించిన మాటలే అలాంటివి. అందుకే ఒక్కో మాటనూ విడిగా చూద్దాం.

తెలుగులో ఉదారుడంటే దాత, పెద్ద మనసున్నవాడు. "బ్యాంకులు రైతులకు ఉదారంగా రుణాలివ్వాలి" అంటాం. లిబరల్ అన్న మాటకు లాటిన్ మూలంలోనూ స్వేచ్ఛ, దాతృత్వం రెండు ఛాయలూ ఉన్నాయి కాబట్టి అనువదించినవారిని తప్పుపట్టలేం. కానీ రాజకీయ సిద్ధాంతంగా లిబరలిజం అడిగేది దానం కాదు. వ్యక్తి మీద ప్రభుత్వమో మతమో సమాజమో చెలాయించే అధికారానికి హద్దు ఉండాలంటుంది. ఇతరులకు హాని జరగకుండా ఆపడానికి తప్ప మనిషి ఇష్టానికి అడ్డుపడకూడదని ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1859లో వాదించింది ఇదే. మన రాజ్యాంగ పీఠికలో ఆలోచనకు, భావప్రకటనకు, విశ్వాసానికి, ఆరాధనకు హామీ ఇచ్చిన ‘స్వాతంత్ర్యం’ కూడా ఈ భావమే. ఉదారవాదం అన్న మాట స్థిరపడిపోయింది, మార్చమని అనను. అయితే వ్యాసం మొదట్లోనే దాని అర్థం చెప్పి తీరాలి. లేకపోతే చదివేవాడు దాతృత్వం గురించి అనుకుంటాడు.

సరళీకరణ వేరు. అది సిద్ధాంతం పేరు కాదు, ఒక పని పేరు. బిగుసుకున్న నిబంధనలను సడలించడం. 1991 జులై 24న పి.వి. నరసింహారావు ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించి, 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సులు అక్కర్లేదంది. అది సరళీకరణ. ఆ పని చేసే ప్రభుత్వం ఉదారవాద ప్రభుత్వమే అయివుండాలని లేదు. 1978 చివర్లో చైనా మార్కెట్‌కు తలుపులు తెరిచింది, భావప్రకటనకు తెరవలేదు. చిలీలో పినోచెట్ సైనిక ప్రభుత్వమూ అంతే: వ్యాపారానికి సడలింపు, మనుషులకు జైలు. కాబట్టి "చైనా ఉదారవాదం" అని రాసిన వ్యాసానికి మార్కులు తగ్గించండి, "చైనాలో సరళీకరణ" అని రాస్తే వేయండి.

ఇక ఛాందసం. ఛందస్సు అంటే వేదం. పాణిని ‘ఛందసి’ అంటే ‘వేదభాషలో’ అని. ఆ లెక్కన ఛాందసుడు వేదం చదువుకున్నవాడు, గౌరవవాచకం. తెలుగులో అది రానురాను లోకం తెలియనివాడు, పట్టిన పట్టు వదలనివాడు అన్న అర్థంలోకి జారింది. ఇవాళ ఎవరూ తమను తాము ఛాందసవాది అని చెప్పుకోరు. ఒక సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లు ఒప్పుకోని పేరుతో దాన్ని తూచడం న్యాయం కాదు, ఆ సిద్ధాంతం మనకు నచ్చకపోయినా సరే. సంప్రదాయవాదానికి మూలపురుషుడనిపించుకున్న బ్రిటిష్ రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్ 1790 నాటి తన పుస్తకంలో ఫ్రెంచి విప్లవాన్ని తీవ్రంగా ఖండించాడు. కానీ మార్పుకు దారిలేని రాజ్యానికి తనను తాను నిలబెట్టుకునే దారి కూడా ఉండదని ఆ పుస్తకంలోనే చెప్పాడు. తరాలుగా నిలిచిన ఏర్పాటులో మన తర్కానికి అందని అనుభవం ఉంటుంది, దాన్ని ఒక్క వేటుతో కూల్చొద్దు, మెల్లగా సరిచేయండి అన్నది ఆ వాదంలోని బలం. ఆ ఏర్పాటు కింద నలిగిపోతున్నవాళ్లను ఇంకా ఎన్నాళ్లు ఆగమంటారన్నది దానికి ఎదురయ్యే ప్రశ్న. వీటిలో ఏదీ ‘ఛాందసం’ అన్న మాటలో పట్టదు. సంప్రదాయవాదం అనండి. సాంప్రదాయవాదం వద్దు: నామవాచకం సంప్రదాయం, దాని విశేషణం సాంప్రదాయికం.

మితవాదం మాత్రం అసలు వాడొద్దని నా గట్టి సలహా. చరిత్ర పుస్తకాల్లో, పాత కాంగ్రెస్‌లో మెల్లగా అడుగులు వేద్దామన్న గోఖలే వంటివారు మితవాదులు. ఆ కోవలోని వాళ్లే తర్వాత కాంగ్రెస్‌తో విడిపోయి లిబరల్ ఫెడరేషన్ పెట్టుకున్నారు. వామపక్ష పత్రికల్లో ‘పచ్చి మితవాద పార్టీ’ అంటే కరడుగట్టిన కుడిపక్షం. అంటే ఈ మాట ఒకచోట లిబరల్‌కీ, మరోచోట దానికి పూర్తిగా అవతలి పక్షానికీ వాడుకలో ఉంది. పరీక్ష పేపర్లో దీన్ని ఏ అర్థంలో తీసుకుని దిద్దుతారు?

ఈ మాటలు ఒక్క మనిషిలోనే ఎలా కలిసిపోతాయో చూడటానికి మీ పిల్లలను ఇంగ్లండ్ దాకా తీసుకెళ్లక్కర్లేదు. మీ జిల్లా నిడుబ్రోలు చాలు. అక్కడి ఆచార్య ఎన్.జి. రంగా జమీందారీకి వ్యతిరేకంగా రైతులను కూడగట్టిన నాయకుడు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానించింది. రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని నమ్మిన రంగా బయటికొచ్చారు. ఆ ఏడాదే రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షులయ్యారు. ప్రతి వ్యాపారానికీ ప్రభుత్వ అనుమతి కావాలనే లైసెన్సు–పర్మిట్ రాజ్యం పోవాలన్నది ఆ పార్టీ నినాదం. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచి ప్రతిపక్షంలో అన్నిటికంటే పెద్ద పార్టీ అయింది. ఆర్థిక విషయాల్లో అది నిఖార్సయిన ఉదారవాద పార్టీ. మరి రాజాజీ? దైవభక్తి, ఆచారం ఉన్న మనిషి. 1937లో మద్రాసు ప్రధానిగా (అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలా అనేవారు) సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చారు. మనిషి ఏం తాగాలో ప్రభుత్వం చెప్పడం మిల్ ఒప్పుకునే పని కాదు. ఆ రాజాజీయే 1939లో ఆలయ ప్రవేశానికి చట్టరక్షణ కల్పించారు, ఆ కాలపు సంప్రదాయవాదులు మండిపడ్డ పని అది. పార్టీలో జైపూర్ గాయత్రీదేవి లాంటి రాజవంశీకులు ఉన్నారు, జమీందార్లతో తలపడిన రంగా కూడా ఉన్నారు. ప్రత్యర్థులు మొత్తాన్ని కలిపి పెట్టుబడిదారుల పార్టీ అన్నారు. ఏ విషయంలో ఉదారం, ఏ విషయంలో సంప్రదాయం అని చెప్పకుండా రాజాజీ మీద ఒక ముద్ర వేస్తే ఆయనలో సగం మనిషి తప్పిపోతాడు. పార్టీకి వాళ్లు పెట్టుకున్న పేరు గమనించారా? లిబరల్‌కు ‘ఉదార’ కంటే ‘స్వతంత్ర’ ఎంత దగ్గరో!

ఇదే చిక్కు దేశం మారినా వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు "మా అమ్మాయి లిబరల్" అంటే ప్రభుత్వం పన్నులు వేసి పేదలకు ఖర్చుపెట్టాలనే పక్షం అని. ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీ సంప్రదాయవాదుల పార్టీ. అలాంటిచోట అనువాదం మానేసి ‘అమెరికా లిబరల్స్’ అని తెలుగు లిపిలో రాస్తేనే మేలు.

మూడోదైన క్యాపిటలిజం సంగతి కొంచెం వేరు. హిందీవాళ్లు ‘పూంజీవాద్’ అన్నారు. మనం ‘వాదం’ అనలేదు, పెట్టుబడిదారీ విధానం అన్నాం, వ్యవస్థ అన్నాం. ఇది చాలా మంచి ఎంపిక. మొదటి రెండూ మనుషులు నమ్మే సిద్ధాంతాలు. ఇది ఉత్పత్తి, యాజమాన్యం, లాభం నడిచే తీరు. సిద్ధాంతాన్ని వాదనతో తూచాలి, వ్యవస్థను ఫలితాలతో తూచాలి: ఎంత సంపద పుట్టించింది, అది ఎవరికి చేరింది, నష్టం ఎవరి నెత్తిన పడింది అని. మార్కెట్‌ను సమర్థించడమూ వ్యాపారులను సమర్థించడమూ కూడా ఒకటి కాదు. 1776 నాటి తన పుస్తకంలో, మార్కెట్‌ను సమర్థించిన ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ ‘క్యాపిటలిజం’ అన్న మాటే వాడలేదు. పైగా ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ఆ మాటలు చివరికి జనానికి వ్యతిరేకంగా కుట్రగానో, ధర పెంచే ఎత్తుగడగానో తేలతాయని హెచ్చరించాడు. "దోచుకుంటుంది" అని రాసే హక్కు మీ విద్యార్థినికి ఉంది. అయితే అది వ్యాసం చివర, రుజువుల తర్వాత రావాలి.

‘పెట్టుబడిదారు’ విషయంలోనూ ఒక జాగ్రత్త చెప్పండి. పెట్టుబడి అచ్చ తెలుగు మాట, రాబడి, దిగుబడి వరసలోది. దానికి ఖాతాదారు, పట్టాదారుల్లోని పారసీ ‘దారు’ చేరింది. సంపాదకీయంలో పెట్టుబడిదారు అంటే ఫ్యాక్టరీ యజమాని. అదే పత్రిక వాణిజ్య పేజీలో నెలకు వెయ్యి రూపాయలు మ్యూచువల్ ఫండ్‌లో వేసే గుమాస్తా కూడా పెట్టుబడిదారే. ఈ రెండో అర్థానికి కొన్ని పత్రికలు ‘మదుపరి’ వాడుతున్నాయి. మీ పిల్లల చేత అదే వాడించండి. ఆ అమ్మాయికి వ్యాసం తిరిగిచ్చి, మొదటి వాక్యంలో ‘ఛాందసవాదం’ కొట్టేసి ‘సంప్రదాయవాదం’ పెట్టి మళ్లీ రాయమనండి. ‘అడ్డుకుంటుంది’ అన్న క్రియ దగ్గర ఆమే ఆగి ఆలోచిస్తుంది. ఆ తర్వాతే మార్కులు వేయండి.