కాలుష్య చట్టాల సవరణలో మామూలు మనిషి మాట ఎక్కడ పనికొస్తుంది?

మీ ప్రశ్న ఇది: విష రసాయనాలు, కాలుష్యం మీద చట్టాలను పార్లమెంటులో నిజంగా చర్చించి మారుస్తారా, లేక అంతా ముందే తేలిపోయి ఉంటుందా, మనలాంటివాళ్లు రాసి పంపే కాగితాలకు విలువ ఉంటుందా అని. నేను న్యాయవాదిని కాదు. విశాఖపట్నం గోపాలపట్నంలో ఉంటాను. బిల్లులు చదవడం ఎందుకు అలవాటైందో ముందు చెబుతాను.

2020 మే 7 తెల్లవారుజామున మా పక్కనున్న వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ అనే, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం ఆవిరి బయటకు వచ్చింది. కళ్లు మండుతున్నాయంటూ మా అమ్మ నన్ను లేపింది. గదంతా ప్లాస్టిక్ కాలినట్టు, కాస్త తియ్యటి వాసన. అమ్మను బండి మీద కూర్చోబెట్టుకుని వేపగుంట వైపు వెళ్లిపోయాను. ఆ ప్రమాదంలో 12 మంది చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత ఇంటికి తిరిగి వచ్చి చూస్తే పెరట్లో మునగచెట్టు కర్మాగారం వైపు సగం ఎండి గోధుమరంగుకు తిరిగింది, ఇవతలి సగం పచ్చగానే ఉంది. ఎండిన ఆకును పట్టుకుంటే వేళ్ల మధ్య పొడి అయింది.

సరిగ్గా ఆ నెలల్లోనే పర్యావరణ అనుమతుల మీద కేంద్రం కొత్త నోటిఫికేషన్ ముసాయిదా పెట్టి అభ్యంతరాలు పిలిచింది. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించాలని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. నేను కూర్చుని నాలుగు పేజీలు రాశాను. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మా మేనమామకు చూపిస్తే చివరిదాకా చదివి, "ఇది అర్జీ అమ్మా, అభ్యంతరం కాదు. ఏ క్లాజులో ఏ మాట తీసెయ్యాలి, దాని బదులు ఏ మాట పెట్టాలి, అది రాయి" అన్నారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, ఈ వ్యవహారమంతా ఆ మాటలోనే ఉందని.

ఇక సభలో జరిగే పని. బిల్లును ముందు ప్రవేశపెడతారు. తర్వాత ఎంపీలతో ఉండే ఏదో ఒక సంఘానికి, అంటే శాఖలవారీగా ఎప్పుడూ ఉండే స్థాయీ సంఘానికో, ఆ బిల్లు కోసమే వేసే సెలెక్ట్ కమిటీకో, రెండు సభల సంయుక్త సంఘానికో పంపవచ్చు, పంపకుండానూ ఉండవచ్చు. ఆపైన సాధారణ చర్చ, దాని తర్వాత ఒక్కో క్లాజు, అంటే బిల్లులోని ఒక్కో అంశం మీద ఓటు. సవరణ కోరే సభ్యుడు ముందుగా నోటీసు ఇవ్వాలి. టీవీలో మనం చూసేది ఎక్కువగా సాధారణ చర్చే. ఆ సమయానికి ఓటు ఎటు పడుతుందో దాదాపు ఖాయమై ఉంటుంది, ఎందుకంటే ఇలాగే ఓటు వేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం, అంటే విప్, జారీ అయ్యాక దాన్ని ధిక్కరిస్తే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వానికే ముప్పు. సంఘాల్లో విప్ ఉండదు. అక్కడ అధికార పక్షం సభ్యుడు కూడా అధికారిని నిలదీయగలడు. అందుకే బిల్లు సంఘానికి వెళ్లిందా లేదా అన్నదే నేను మొట్టమొదట చూస్తాను.

ఒక ఉదాహరణ వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో మేమూ కలగజేసుకున్నాం. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండేవి. 2022 జూలైలో పర్యావరణ శాఖ జైలుశిక్ష తీసేసి ఐదు లక్షల నుంచి ఐదు కోట్ల వరకు జరిమానా పెడదామని ప్రతిపాదించి, 21వ తేదీలోపు అభిప్రాయాలు పంపమంది. ప్రాణనష్టం జరిగితే శిక్షాస్మృతి ఎలాగూ ఉందని చెప్పింది. మా కాలనీలో ఒక ఆదివారం పన్నెండు మందిమి కూర్చున్నాం. స్కేలు పెట్టి మూడు గడులు గీశాం: ఇప్పుడున్న మాట, ప్రతిపాదించిన మాట, మేం కోరే మాట. మూడో గడిలో మా అభ్యర్థన ఒక్కటే: మనుషులు చనిపోయిన కేసుల్లో ఐదేళ్ల శిక్షను ఈ చట్టంలోనే ఉంచండి. కారణం కూడా ఒక్క వాక్యంలో రాశాం. నిర్లక్ష్యంతో మరణానికి అప్పటి శిక్షాస్మృతి 304ఏ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే.

ఆ మార్పు విడిగా పర్యావరణ బిల్లుగా రాలేదు. 2022 డిసెంబరు 22న లోక్‌సభలో ప్రవేశపెట్టిన జన్ విశ్వాస్ బిల్లులో 42 చట్టాల సవరణల్లో ఒకటిగా వచ్చింది. 31 మంది సభ్యుల సంయుక్త సంఘం దాన్ని పరిశీలించింది. 2023 జూలై 27న లోక్‌సభలో మణిపుర్ మీద నినాదాల మధ్య మూజువాణి ఓటుతో, ఆగస్టు 2న రాజ్యసభలో ఆమోదం పొందింది. 2022 జూలై ప్రతిపాదనలోని ఐదు కోట్ల గరిష్ఠం చట్టంలో 15 లక్షలైంది, కనీసం పది వేలు. జరిమానా తేల్చేది కోర్టు కాదు, ప్రభుత్వం నియమించే అధికారి. ఆ జరిమానా కట్టకపోతే మాత్రం జైలు మిగిలింది. మా మూడో గడిలోని మాట ఎక్కడా రాలేదు.

పది వేలు అన్న అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఊరి ప్రమాదం మరునాడే, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్లు జమ చేయమని ఆ కర్మాగారాన్ని ఆదేశించింది. జరిమానా, పరిహారం వేర్వేరు సంగతులని నాకు తెలుసు. కానీ ఆ ఆదేశం రావడానికి 2010లో పార్లమెంటు చేసిన ట్రైబ్యునల్ చట్టమే ఆధారం. సభలో రాసిన మాట మా వీధిదాకా వచ్చి పనిచేయడం నేను కళ్లారా చూశాను. అందుకే రాయడం మానలేదు.

చాలామంది పట్టించుకోని చోటు ఇంకొకటి ఉంది. 1986 చట్టంలో మొదట ఉన్నవి 26 సెక్షన్లే. గొట్టంలోంచి ఏది ఎంత వదలవచ్చు, ప్రమాదకర రసాయనం ఎంత నిల్వ ఉంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నవన్నీ ప్రభుత్వం చేసే నియమాల్లో ఉంటాయి. ఆ నియమాలను ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలని 26వ సెక్షనే చెబుతుంది. సభలు తలుచుకుంటే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. మన ఎంపీని ఏదైనా అడగాలంటే ఇది అడగవచ్చు: ఫలానా నియమం సభ ముందుకు వచ్చింది, దీని మీద మార్పు తీర్మానం ఇస్తారా అని. ముసాయిదా నియమాలు గెజిట్‌లో వచ్చినప్పుడు మామూలుగా 60 రోజులు గడువు ఉంటుంది. మనం నేరుగా రాయగలిగిన చోట్లలో అదీ ఒకటి.

నీటి చట్టం దారి వేరు. నీరు రాష్ట్రాల విషయం కాబట్టి 1974 చట్టాన్ని రాష్ట్రాల తీర్మానాల ఆధారంగా, రాజ్యాంగం 252వ అధికరణం కింద చేశారు. దాన్ని సవరించాలన్నా అదే పద్ధతి. 2024 సవరణ బిల్లు ఫిబ్రవరి 5న రాజ్యసభలో ప్రవేశించి 8వ తేదీకల్లా రెండు సభలూ దాటింది, సంఘానికి వెళ్లనే లేదు. అందులోనూ చాలా ఉల్లంఘనలకు జైలు బదులు పది వేల నుంచి 15 లక్షల జరిమానా వచ్చింది. మొదట హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. మిగతా రాష్ట్రాల్లో శాసనసభ తీర్మానం చేస్తేనే. ఉన్నదున్నట్టు తీసుకోవడమే తప్ప అందులో మాటలు మార్చే అధికారం రాష్ట్రానికి లేదు. కాబట్టి నీటి విషయంలో ఎంపీకి రాసినట్టే ఎమ్మెల్యేకూ రాయాలి.

మీరు రాయాలనుకుంటే ఒకటి రెండు పేజీలు దాటనివ్వకండి. క్లాజు సంఖ్య, ఉన్న మాట, కావలసిన మాట, దాని కింద మీ కళ్లతో చూసినది రెండు వాక్యాలు. మా కాగితంలో ఆ రెండు వాక్యాలూ మునగచెట్టు గురించే. మా మూడు గడుల పట్టిక తెలుగులో టైపు చేసి ఉంది, కావాలంటే అడగండి, ఇక్కడే పెడతాను.