వంకర ముక్కు ఆపరేషన్‌తో పూర్తిగా నిటారుగా అవుతుందా?

చాలావరకు అవుతుంది, కానీ గీత గీసినట్టు రావడం అరుదు. బయట కనిపించే వంకరకు మూలం తరచుగా లోపలే ఉంటుంది. రెండు రంధ్రాల మధ్య ఉండే సెప్టమ్ అనే అడ్డుగోడ పక్కకు ఒరిగితే, దాని మీద నిలబడ్డ ముక్కూ అటే ఒరుగుతుంది. అలాంటప్పుడు పైన ఎముక ఒక్కటే సరిచేస్తే లాభం ఉండదు.

ఆపరేషన్‌లో సర్జన్ ఎముకను సన్నగా కోసి మధ్యకు జరుపుతారు. సెప్టమ్‌ను నిటారు చేసి, అవసరమైతే అందులోంచే తీసిన మృదులాస్థి (కార్టిలేజ్, అంటే వంగే మెత్తటి ఎముక) ముక్కను పక్కన బద్దలా పెట్టి కుడతారు. ఈ బద్ద ఎందుకంటే, మృదులాస్థి మొండిది. వంగిన ప్లాస్టిక్ స్కేలులా, వదిలేస్తే మళ్లీ పాత వంపుకే పోవాలని చూస్తుంది. కొంత వంకర తిరిగి రావడానికి ఇదో ముఖ్య కారణం.

ముక్కు మీద స్ప్లింట్, అంటే ముక్కు కదలకుండా పట్టి ఉంచే గట్టి కవచం, సుమారు వారం ఉంటుంది. కళ్ల కింద నలుపు చూసి టెన్షన్ పడక్కర్లేదు, సాధారణంగా రెండు వారాల్లో పోతుంది. వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం తేలడానికి మాత్రం ఏడాది పట్టొచ్చు. మూడో నెలలోనే అద్దం ముందు కొలతలు తీయడం దండగ. మూసుకుపోయిన వైపు గాలి ఆడటం చాలామందిలో మెరుగవుతుంది. కొందరికి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది.

ఇంకోటి, ముఖమే రెండు వైపులా సమానంగా లేనివాళ్లకు ముక్కు నిటారైనా కాస్త వంకరగానే కనిపిస్తుంది. ఆ సంగతి ముందే ఫొటోలు ఎదురుగా పెట్టుకుని సర్జన్‌తో మాట్లాడుకోండి.